పాత బండి డ్రమ్ బ్రేకులు: అడ్జస్ట్ చేయడం, గాలి తీయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న, హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) బ్రేకుల పాత కార్లు, జీపుల గురించి ఈ పేజీ. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గరుంటే కొలతల విషయంలో దాని మాటే ఖాయం చేసుకోండి.

ముందు షూలు అడ్జస్ట్ చేయాలా, గాలి తీయాలా?

అడ్జస్ట్‌మెంటే ముందు. షూ (డ్రమ్ము లోపల విచ్చుకుని దాన్ని అదిమే వంపు ముక్క) డ్రమ్ముకి దూరంగా ఉంటే, మనం తొక్కిన తొక్కంతా షూని డ్రమ్ము దాకా తోసుకెళ్లడానికే సరిపోతుంది. పెడల్ కిందికి దిగిపోతుంది, మనమేమో "గాలి పట్టింది" అనుకుంటాం.

నేనూ అలాగే అనుకుని ఒక ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నాలుగు చక్రాల చుట్టూ తిరుగుతూ లీటరుకి పైగా బ్రేక్ ఆయిల్ సీసాల్లోకి వదిలాను. ఒక్క బుడగ రాలేదు. చీకటి పడే వేళకి విసుగొచ్చి వెనక అడ్జస్టర్లు (షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే పళ్ల చక్రాలు) తిప్పి చూస్తే ఒక్కోటి పది పళ్ల దాకా తిరిగింది. పెడల్ పైకి లేచింది. ఆ రోజు నుంచి ముందు అడ్జస్టర్ దగ్గరికే వెళ్తున్నాను.

ఇంకో లాభం కూడా ఉంది. షూలు డ్రమ్ముకి ఆనేలా బిగించి ఉంచితే వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే భాగం) పిస్టన్లు బయటికి కదలవు. తొక్కిన ప్రతిసారీ ఆయిల్ పిస్టన్లను నెట్టడానికి పోకుండా నేరుగా నిపుల్ (గాలి బయటికి తీసే చిన్న బోలు బోల్టు) వైపు వస్తుంది, బుడగల్ని లాక్కొస్తుంది. గాలి తీయడం అయిపోయాక షూలను మళ్లీ సరైన గ్యాప్‌కి వదులు చేస్తే చాలు.

గ్యాప్ సమస్యో గాలి సమస్యో పెడల్‌ని బట్టి తెలుస్తుందా?

తెలుస్తుంది. మొదటి తొక్కుకి బాగా కిందికి దిగి, వెంటనే రెండోసారి, మూడోసారి తొక్కితే పైకొచ్చి రాయిలా నిలబడితే గ్యాప్ ఎక్కువైనట్టు. పైకొచ్చినా మెత్తగా, స్పాంజీ తొక్కినట్టు ఉంటే గాలి. పాదం అదిమి అలాగే ఉంచితే మెల్లగా నేల వైపు జారిపోతుంటే లీకు. బయట ఎక్కడా తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) లోపలి రబ్బరు కప్పు పోయి ఉంటుంది. ఇలాంటి బండిని సరి చేసేదాకా కదపకండి. ఆ కాలం బండ్లలో ఎక్కువ వాటికి బ్రేక్ సర్క్యూట్ ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

పెడల్ పైనే ఉండి, గట్టిగానే ఉండి, బండి మాత్రం ఆగడం లేదంటే అడ్జస్టర్‌నీ గాలినీ వదిలేసి లైనర్లు (షూల మీది రాపిడి పొరలు) చూడండి. ఆయిల్ తడిసి ఉండొచ్చు, గాజులా నునుపెక్కి ఉండొచ్చు.

ఇవన్నీ చూసే ముందు ఒక్క పని చేయండి. ఎత్తిన ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. బేరింగు లూజుగా ఉంటే డ్రమ్ము పక్కకి ఒరిగి షూలను వెనక్కి నెట్టేస్తుంది. ఆ లూజు తీయకుండా ఎంత అడ్జస్ట్ చేసినా పెడల్ మళ్లీ కిందికే.

డ్రమ్ము ఊడి రావడం లేదు. సుత్తితో కొట్టనా?

ముందు అడ్జస్టర్ పూర్తిగా వెనక్కి తిప్పండి. పాత డ్రమ్ములో లైనర్ రాసుకునే చోట అరిగిపోయి, అంచున గట్టులా మిగిలి ఉంటుంది. షూలు ఆ గట్టుకి తగులుకుని డ్రమ్ముని రానివ్వవు. హ్యాండ్‌బ్రేక్ కూడా వదిలి ఉందో లేదో చూడండి. అయినా రాకపోతే హబ్ చుట్టూ తుప్పు వదిలే ఆయిల్ వేసి, కాసేపు ఆగి, రబ్బరు సుత్తితో చుట్టూరా తట్టండి. పోత ఇనుము అంచు మీద ఇనప సుత్తి పడితే పగిలిపోతుంది.

లోపలి నల్ల దుమ్మును గాలి కొట్టి శుభ్రం చేయొచ్చా?

వద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే క్యాన్సర్ తెచ్చేంత ప్రమాదకరం. కంప్రెసర్ గాలి, నోటితో ఊదడం, పొడి బ్రష్ మూడూ మానేయండి. సబ్బు నీళ్లు చిలకరించి బాగా తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. మాస్కు వేసుకోండి.

డ్రమ్ము తీశాక ఏమేం చూడాలి?

వీల్ సిలిండర్ చివరి రబ్బరు తొడుగును వేలితో కొంచెం వెనక్కి లాగండి. లోపల కాస్త చెమ్మ ఉంటే ఫర్వాలేదు. ఆయిల్ కారితే ఆ సిలిండర్ విప్పాల్సిందే. రివెట్లతో బిగించిన లైనర్ అయితే రివెట్ తలలు ఇంకా లోతులో ఉన్నాయా, డ్రమ్ముని గీకేంత దగ్గరికొచ్చాయా చూడండి. ఆయిల్ గానీ గ్రీజు గానీ తాగిన లైనర్‌ని కాల్చి, పెట్రోలుతో కడిగి వాడదామనుకోవద్దు. వేడెక్కగానే లోపలిదంతా మళ్లీ పైకొస్తుంది. మార్చడమే, అదీ ఒకే యాక్సిల్ మీద రెండు వైపులా.

షూ అంచులు బ్యాక్‌ప్లేట్ (షూలు బిగించి ఉండే వెనక పలక) మీద ఆనే చోట్లు మెరుస్తూ కనిపిస్తాయి. అక్కడ వేడికి తట్టుకునే గ్రీజు వేలి కొనతో పూసినంత చాలు. స్ప్రింగులు ఏ రంధ్రంలోంచి ఏ రంధ్రంలోకి వెళ్లాయో విప్పకముందే ఫోటో తీసుకోండి. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోకపోతే చూసి బిగించడానికి ఒక నమూనా మిగులుతుంది.

అడ్జస్ట్‌మెంట్ అసలు ఎలా చేయాలి?

బండి చల్లగా ఉన్నప్పుడే చేయండి. డ్రమ్ము వేడికి వ్యాకోచిస్తుంది. వేడి మీద సరిచేస్తే చల్లారాక షూలు పట్టేస్తాయి. చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి తల పెట్టొద్దు. వెనక చక్రాల పని అయితే హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదలండి, లేకపోతే షూలు అప్పటికే సగం తెరుచుకుని ఉంటాయి.

ఇప్పుడు ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో అడ్జస్టర్ బిగించండి. మొదట సన్నగా "స్స్" అని రాపిడి వినిపిస్తుంది. ఇంకాస్త బిగిస్తే చక్రం బరువవుతుంది, చివరికి ఆగిపోతుంది. ఇక్కడే చాలామంది అడ్జస్టర్‌ని వెనక్కి తిప్పేస్తారు. ఆగండి. లోపలికెళ్లి పెడల్ రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి రండి. షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి. మళ్లీ వచ్చి చూస్తే, ఇందాక కదలని చక్రం తిరుగుతూ ఉంటుంది. ఇంకో రెండు పళ్లు బిగుస్తుంది. తొక్కినా ఇక వదులు కాని దశ వచ్చేదాకా ఇలాగే చేసి, అప్పుడు వెనక్కి తిప్పండి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి. ఎక్కడో ఒకచోట చెవికి మాత్రమే తెలిసేంత రాపిడి ఉన్నా నష్టం లేదు. చేతికి తెలిసిందంటే ఎక్కువైనట్టే.

అడ్జస్టర్ రకాన్ని బట్టి చేతి పని మారుతుంది. పళ్ల చక్రం రకానికి డ్రమ్ములోనో బ్యాక్‌ప్లేట్‌లోనో ఉన్న రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్కో పన్ను తోయాలి. వెనక్కి మూడు నాలుగు పళ్లు సరిపోతాయి. బ్యాక్‌ప్లేట్ వెనక చదరపు తల బయటికి కనిపించే రకంలో లోపల కోసుగా ఉన్న బోల్టు షూలను విడదీస్తుంది. పావు చుట్టుకో క్లిక్కు తగులుతుంది, ఒకటి రెండు క్లిక్కులు వెనక్కి వస్తే చాలు. ఆ చదరపు తలకి చదరపు స్పానరే వాడండి. పైపు రెంచి పెట్టి గుండ్రంగా చేసేసిన తలలు చాలా చూశాను. మూడోది క్యామ్ రకం. తిప్పితే గుడ్డు ఆకారపు దిమ్మ షూని బయటికి నెడుతుంది. విల్లీస్ జీపులో పైన ఈ క్యామ్‌లు, కింద షూల మడమల దగ్గర యాంకర్ పిన్నులు ఉంటాయి. కింది పిన్నుల్ని కొత్త షూలు వేసినప్పుడు తప్ప కదపకండి.

ముందు చక్రానికి రెండు అడ్జస్టర్లు ఎందుకున్నాయి?

దాంట్లో రెండు షూలూ లీడింగ్ షూలే కాబట్టి. చక్రం తిరిగే దిశలోనే షూ విచ్చుకుంటే, డ్రమ్ము దాన్ని తనతో పాటు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. ముందు చక్రాల మీద బరువు ఎక్కువ పడుతుంది గనుక రెండు షూలనూ అలా పెట్టి, ఒక్కోదానికి ఒక సిలిండర్, ఒక అడ్జస్టర్ ఇస్తారు. రెండింటినీ విడివిడిగా, పైన చెప్పినట్టే చేయాలి. ఈ ఏర్పాటు రివర్సులో అంత గట్టిగా పట్టదు. ఎత్తు మీద వెనక్కి జారుతుంటే తొక్కు చాలలేదనిపించడానికి కారణం అదే, మీ పనిలో లోపం కాదు.

చక్రం ఒకచోట పట్టేస్తోంది, మిగతా చుట్టంతా వదులుగా ఉంది?

డ్రమ్ము గుండ్రం పోయింది. లేత్ మీద పెట్టి కోయించాలి. అయితే డ్రమ్ముకి గరిష్ఠ వ్యాసం పరిమితి ఒకటి ఉంటుంది, దాన్ని దాటితే గోడ పలచబడి పగిలే ప్రమాదం. కొన్నిటి మీద ఆ అంకె పోతపోసి ఉంటుంది.

వెనక చక్రం ఎంత వదులు చేసినా బరువుగానే తిరుగుతోంది?

అది బ్రేకు కాకపోవచ్చు. వెనక చక్రంతో పాటు యాక్సిల్, డిఫరెన్షియల్ పళ్లు, చిక్కటి గేర్ ఆయిల్ కూడా తిరుగుతాయి. బరువు చుట్టంతా ఒకేలా ఉండి, రాపిడి శబ్దం లేకపోతే డిఫరెన్షియల్‌దే. గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

హ్యాండ్‌బ్రేక్ ఎప్పుడు సరిచేయాలి?

వెనక షూల పని పూర్తయ్యాకే. చాలాసార్లు షూలు సరిచేస్తే హ్యాండ్‌బ్రేక్ దానంతటదే సరిపోతుంది. కేబుల్ ముందే బిగిస్తే షూలు సగం తెరుచుకుని ఉండిపోతాయి, ఆ తర్వాత మీరు చేసే అడ్జస్ట్‌మెంటంతా తప్పుడు లెక్కే.

ఏ బ్రేక్ ఆయిల్ పోయాలి?

మామూలు రబ్బరు కప్పులున్న హైడ్రాలిక్ బ్రేకులకి డాట్ 3 లేదా డాట్ 4. రెండూ గ్లైకాల్ రకమే, ఒకదాంట్లో ఒకటి కలిసినా పాడవవు. కొత్త డాట్ 3 మరగడానికి కనీసం 205 డిగ్రీల సెల్సియస్ కావాలి, డాట్ 4 కి 230. చిక్కేమిటంటే గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన డాట్ 3 కి పరిమితి 140 డిగ్రీలకి పడిపోతుంది. పొడుగాటి దిగుడులో డ్రమ్ములు కాలిపోతుంటే ఆ నీరు ఆవిరై, గాలి పట్టినట్టే పెడల్ మెత్తబడుతుంది. ఆ తేమే సిలిండర్లను లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. రోడ్డెక్కని బండికైనా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది అందుకే. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోది పోయొద్దు.

డాట్ 5 సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉన్న డాట్ 5.1 మాత్రం గ్లైకాలే. ఈ పేర్లతో చాలామంది తికమకపడతారు. సిలికాన్ పెయింటుని తినదు, తేమ పీల్చదు, అందుకే ఎక్కువ కాలం షెడ్డులోనే ఉండే బండ్లకి కొందరు వాడతారు. కానీ గ్లైకాల్‌తో కలవదు. మారాలంటే పాతదంతా తీసేసి, రబ్బర్లు మార్చి మొదలుపెట్టాలి. డబ్బా కుదిపితే సన్నని బుడగలు దాంట్లో చాలాసేపు ఉండిపోతాయి, అందుకే మెల్లగా పోయాలి. నా మట్టుకు నాకు తరచూ నడిపే బండికి డాట్ 4 చాలు.

ఇంజిన్ ఆయిల్, గ్రీజు, డీజిల్ లాంటివి మాత్రం ఒక్క చుక్క పడినా రబ్బరు కప్పులన్నీ ఉబ్బిపోతాయి. పొరపాటున పోస్తే కడిగి ఊరుకోవడం కుదరదు. రబ్బరన్నదల్లా, హోస్ పైపులతో సహా మార్చాలి.

పెయింట్ మీద బ్రేక్ ఆయిల్ పడింది!

తుడవకండి, ముందు నీళ్లు గుమ్మరించండి. గ్లైకాల్ నీళ్లలో కలిసి కొట్టుకుపోతుంది. గుడ్డతో రుద్దితే మెత్తబడిన పెయింట్ కూడా లేచొస్తుంది.

గాలి తీయడం ఏ చక్రం నుంచి మొదలుపెట్టాలి?

మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరంలో ఉన్నదాని నుంచి. స్టీరింగు కుడి వైపున్న బండిలో మామూలుగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. స్టీరింగు ఎడమ వైపుంటే అటుది ఇటు.

నిపుల్ తిరగడం లేదు. విరిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడాల్సిన చోటే ఇది. నిపుల్ మధ్యలో బోలు, గోడ పలచన. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ వేసి ఉంచండి. ఓపెన్ స్పానర్ కాకుండా ఆరు పలకలూ పట్టే సాకెట్ తీసుకోండి. నిపుల్ తల మీద చిన్న సుత్తితో టకటకా నాలుగు దెబ్బలు వేసి, ముందు బిగించే వైపు ఒక్క రవ్వ కదిపి, తర్వాత వదులు చేయండి. తుప్పు పట్టు బిగించే వైపే సులువుగా తెగుతుంది. ఊడి వచ్చాక దాని రంధ్రంలో సన్నని తీగ దూర్చి చూడండి, పాత బండిలో అది మట్టితో మూసుకుపోయి ఉండటం మామూలే. తిరిగి బిగించేటప్పుడు ఆయిల్ ఆగేంత బిగువు చాలు.

ఇద్దరం ఉన్నాం. గాలి తీసే పద్ధతి చెప్పండి.

నిపుల్‌కి పారదర్శకమైన సన్న గొట్టం తొడిగి, రెండో కొస సీసాలోని బ్రేక్ ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. గొట్టం నిపుల్ నుంచి కాస్త పైకి లేచి తర్వాత కిందికి దిగాలి. అప్పుడు బుడగలు పైకి వెళ్లిపోతాయి, వెనక్కి రావు.

మొదలుపెట్టే ముందు ఇద్దరూ మాటలు ఖాయం చేసుకోండి. "వదులు" అనే మాట అసలు వాడొద్దు. నిపుల్ వదులు చేశానని కింద ఉన్నవాడి ఉద్దేశం, పెడల్ వదలమన్నాడని పైనున్నవాడి అర్థం. తెరిచి ఉన్న నిపుల్‌లోంచి గాలి లోపలికి పోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. మేం "తొక్కు", "తెరిచా", "మూశా", "ఎత్తు" అనే నాలుగు మాటలే వాడతాం.

పైనున్న మనిషి మెల్లగా తొక్కి పట్టుకోవాలి. కింద మనిషి నిపుల్ అర చుట్టు తెరుస్తాడు. ఆయిల్ బయటికి వస్తూ పెడల్ దిగుతుంది. కిందికి పూర్తిగా దిగకముందే నిపుల్ మూసేయాలి, ఆ తర్వాతే కాలు ఎత్తాలి. ఎత్తాక రెండు క్షణాలు ఆగితే మాస్టర్ సిలిండర్ మళ్లీ నిండుతుంది. మొదట గొట్టంలో టీ రంగు ఆయిల్, ఆవగింజల్లాంటి బుడగలు వరసగా వస్తాయి. ఒక్కోసారి నాలుగైదు తొక్కులు శుభ్రంగా వచ్చి, ఇక అయిపోయిందనుకునేసరికి బొటనవేలంత గాలి ముక్క ఒకటి జారుకుంటూ వస్తుంది. అందుకే బుడగలు ఆగాక కూడా మరో మూడు నాలుగు తొక్కులు తీయండి.

పెడల్ కింద చెక్క ముక్క పెట్టుకోవడం మరువకండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే మేర నున్నగా ఉంటుంది, దాన్ని దాటిన చోట తుప్పు, మడ్డి. నేలకి ఆనించి తొక్కితే రబ్బరు కప్పు ఆ గరుకు మీదికెక్కి చీలిపోతుంది. పొద్దున బాగానే ఉన్న మాస్టర్ సిలిండర్ గాలి తీసిన సాయంత్రమే పోయిందంటే దాదాపు ఎప్పుడూ ఇదే సంగతి.

ఆరేడు తొక్కులకోసారి ట్యాంకులో ఆయిల్ చూసి నింపండి. ఒక్కసారి ఖాళీ అయితే మొదటి చక్రం నుంచి మళ్లీ మొదలు.

ఒక్కడినే ఉంటే?

మూడు దారులున్నాయి. నిపుల్ తెరిచి, గొట్టం పెట్టి, ట్యాంకు నింపుతూ ఆయిల్‌ని దానంతటదే కారనివ్వడం నిదానమే అయినా హాని లేనిది. ట్యాంకు మూత దగ్గర ఒత్తిడి ఇచ్చే కిట్ శుభ్రంగా పనిచేస్తుంది, 20 పీఎస్‌ఐ దాటనివ్వకండి. నిపుల్ దగ్గర లాగే వ్యాక్యూమ్ పంపు నాకు నచ్చదు. నిపుల్ మరల సందుల్లోంచి బయటి గాలి లాగి గొట్టంలో బుడగలు చూపిస్తుంది, లోపల గాలి లేకపోయినా మనం తీస్తూనే ఉంటాం.

ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంది?

గాలి పైకి పోతుంది, కాబట్టి నిపుల్ సిలిండర్‌లో పైభాగాన ఉందా చూడండి. కుడిదీ ఎడమదీ తారుమారుగా బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, ఆ పైన చిక్కిన గాలి ఎన్నటికీ రాదు. కొత్తగా వేసిన మాస్టర్ సిలిండర్ అయితే బండికి బిగించే ముందే వైస్‌లో పెట్టి గాలి తీశారా? పాత హోస్ పైపుని వేళ్లతో పట్టుకుని ఎవరినైనా తొక్కమనండి. ఉబ్బుతున్నట్టు తగిలితే మెత్తదనం అక్కడిది. కొత్త షూల వంపు డ్రమ్ముకి సరిగ్గా కుదరకపోయినా, షూ వంగుతూ పెడల్ మెత్తగా తగులుతుంది, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గట్టిపడుతుంది.

నడుస్తున్న కొద్దీ బ్రేకులు పట్టేస్తున్నాయి?

ట్యాంకు మూత తీసి, ఎవరినైనా పెడల్ వేలితో మెల్లగా నొక్కమనండి. టార్చి వేసి చూడండి. మొదటి కదలికలోనే ఆయిల్ పైభాగంలో చిన్న ఊట లేచి సుడి తిరగాలి. మాస్టర్ సిలిండర్‌లోని సన్న రంధ్రం తెరిచి ఉందని దానర్థం. వేడెక్కి పెరిగిన ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వచ్చే దారి అదొక్కటే. ఊట రాకపోతే పుష్‌రాడ్ (పెడల్ నుంచి వచ్చే కడ్డీ) పిస్టన్‌ని ముందుకే నెట్టి పెట్టి ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఆ రెండింటి మధ్య 1 మిల్లీమీటరు సందు ఉండాలంటారు. అంత చిన్న సందు లేకపోతే బండి దారి మధ్యలో నిలిచిపోతుంది.

ఒక్క చక్రమే పట్టేస్తే దాని నిపుల్ తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే హోస్ పైపు లోపల వాచి మూసుకుపోయింది. తొక్కిన బలానికి ఆయిల్ వెళ్తుంది, స్ప్రింగు బలానికి తిరిగి రాదు. నిపుల్ తెరిచినా వదలకపోతే పిస్టనో హ్యాండ్‌బ్రేక్ కేబులో తుప్పు పట్టి బిగుసుకుంది.

బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగుతోంది?

ముందు టైర్ల గాలి చూడండి, నవ్వకండి. తర్వాత రెండు ముందు చక్రాల గ్యాపు. తర్వాత డ్రమ్ములు విప్పి, లాగని వైపు లైనర్ ఆయిల్‌లో తడిసిందేమో, పిస్టన్ పట్టేసిందేమో. బండి లాగేది బ్రేకు బాగా పడుతున్న వైపుకి, కాబట్టి తప్పు అవతలి వైపు వెతకాలి.

అంతా అయ్యాక రోడ్డెక్కేయొచ్చా?

పెడల్‌ని నిమిషం పాటు గట్టిగా అదిమి ఉంచి, జారలేదని చూసుకోండి. ఎవరినైనా తొక్కి పట్టుకోమని, నాలుగు చక్రాల వెనకా, ప్రతి జాయింటు దగ్గరా పొడి కాగితం అద్దండి. కంటికి కనపడని చెమ్మ కాగితం మీద కనపడుతుంది. బండిని చదునైన చోట చేత్తో నెట్టి స్వేచ్ఛగా కదులుతోందా చూడండి. ఖాళీ స్థలంలో నడక వేగంతో మూడు నాలుగుసార్లు ఆపి, అప్పుడు రోడ్డు. ఓ పది కిలోమీటర్లు తిరిగొచ్చాక నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి వేడి పోల్చండి, తాకకుండా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రాన్ని ఒక క్లిక్కు వదులు చేయాలి. కొత్త లైనర్లయితే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో త్వరగా సర్దుకుంటాయి, అప్పుడు ఇంకోసారి అడ్జస్ట్ చేయక తప్పదు.

మా బండికి రాడ్లు, కేబుళ్లతో పనిచేసే బ్రేకులు. ఇవన్నీ వర్తిస్తాయా?

గాలి తీసే పని లేదు, అంతే. అమెరికా ఫోర్డ్ కార్లలో 1938 మోడల్ దాకా అవే ఉండేవి. షూల అడ్జస్ట్‌మెంట్ పైన చెప్పినట్టే. చక్రాల దగ్గర పని పూర్తిగా అయ్యాకే రాడ్ల పొడవు ముట్టుకోండి, అదీ అవసరమైతేనే.